దక్షిణాఫ్రికా పోయేవాళ్ళకు నాలుగు మాటలు

హుజూర్‌నగర్‌లో కొత్తగా చదువు నేర్చినవాళ్ళ కోసం చెప్పిన ఉపన్యాసం



దూరదేశం పోవడం ఇప్పుడు మన ఊళ్ళకు కొత్త సంగతి కాదు. ఒక ఇంటి పిల్లగాడు దుబాయిలో ఉంటాడు. ఇంకో ఇంటి బిడ్డ అమెరికాలో ఉంటుంది. దక్షిణాఫ్రికా పోయే తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. కొందరు కంప్యూటర్ పనికి పోతారు. కొందరు లెక్కల పనికి, దుకాణాల పనికి పోతారు. అక్కడున్న పిల్లలను చూసి రావాలని పోయే తల్లిదండ్రులూ ఉంటారు.

ఊరు కాని ఊరు పోతేనే నలుగురిని అడిగి పోతాం. దేశం కాని దేశం పోయేటప్పుడు అడగకుండా పోతామా? ఆ దేశం ఎట్లుంటది? అక్కడ మనవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఏయే కాగితాలు కావాలె? దేనికి పైలంగా ఉండాలె? ఈ నాలుగు సంగతులు ఈ పాఠంలో ఉన్నాయి. పోయేవాళ్ళే కాదు, పంపేవాళ్ళు కూడా చదవాలె. అప్పు తెచ్చి పంపేది ఇంటివాళ్ళే కదా!

ఎక్కడుంది? ఎట్లుంటది?

ఆఫ్రికా ఒక్క దేశం కాదు. యాభైకి పైగా దేశాలున్న ఖండం. ఆ ఖండానికి అడుగున, దక్షిణపు కొసన ఉన్న దేశమే దక్షిణాఫ్రికా. ఒక పక్క హిందూ మహాసముద్రం, ఇంకో పక్క అట్లాంటిక్ మహాసముద్రం. మనం పోయేది పడమర దక్షిణం దిక్కుకు.

దాని విస్తీర్ణం సుమారు 12 లక్షల 20 వేల చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు పదకొండు తెలంగాణలంత. జనం మాత్రం తక్కువే. 2022 జనాభా లెక్కల ప్రకారం 6 కోట్ల 20 లక్షల మంది.

మన దేశానికి రాజధాని ఒక్కటే, ఢిల్లీ. వాళ్ళకు మూడు. ప్రభుత్వ కార్యాలయాలు ప్రిటోరియాలో ఉంటాయి. పార్లమెంటు కేప్‌టౌన్‌లో ఉంటుంది. అప్పీళ్ళు వినే పెద్ద కోర్టు బ్లూమ్‌ఫాంటీన్‌లో ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద నగరం జోహాన్నెస్‌బర్గ్. అది రాజధాని కాదు. 1886లో అక్కడ బంగారం దొరికింది. ఆ బంగారం కోసం వచ్చిన జనంతో పుట్టిన నగరం అది.

వజ్రాలు కూడా ఆ దేశంలో దొరికాయి. ఇది కృష్ణ ఒడ్డువాళ్ళకు చెప్పవలసిన మాట. ఒకప్పుడు లోకానికి వజ్రాలు పోయింది మన కృష్ణ ఒడ్డు నుంచే. మనకు ఆవలి ఒడ్డున కొల్లూరు గనులు ఉండేవి. అవి తరిగిపోయిన చాలా కాలానికి, 1867లో, దక్షిణాఫ్రికాలో వజ్రం బయటపడింది. అప్పటి నుంచి లోకం చూపు అటు తిరిగింది.

వాళ్ళ ముఖ్యమైన పంట మక్కజొన్న. చెరుకు, గోధుమ, ద్రాక్ష కూడా పండిస్తారు. నారింజ, నిమ్మ జాతి పండ్లను ఓడల్లో ఎన్నో దేశాలకు పంపుతారు. బత్తాయి తోటలున్న నల్లగొండ రైతు అక్కడి తోటలు చూస్తే మన తోటలు యాదికి వస్తాయి.

కాలం మాత్రం తలకిందులు. మనకు మే నెలలో ఎండలు మండుతుంటే వాళ్ళకు చలి మొదలవుతుంది. జూన్, జులై నెలలు అక్కడ గట్టి చలికాలం. డిసెంబరు, జనవరి వాళ్ళకు ఎండాకాలం. ఆఫ్రికా అంటే అంతా ఎండే అనుకొని పలుచని బట్టలతో పోయినవాళ్ళు జూన్‌లో వణికిపోతారు. జోహాన్నెస్‌బర్గ్ సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైన ఉంది. రాత్రి చలి కొరుకుతుంది. స్వెటరు, రగ్గు పెట్టెలో పెట్టుకోవాలె.

సమయం కూడా తేడానే. వాళ్ళ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనుక. మనకు పొద్దున పది గంటలైతే అక్కడ ఆరున్నర. ఇక్కడి నుంచి ఫోను చేసే తల్లి ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే నిద్రలో ఉన్న కొడుకును లేపదు.

మనవాళ్ళు ఎప్పుడు పోయిండ్రు?

దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్ళు ఈ నడుమ పోయినవాళ్ళే కాదు. 1860 నుంచి ఉన్నారు. ఈ చరిత్ర తెలియకుండా ఆ దేశం అర్థం కాదు.

అప్పుడు అక్కడి నేటాల్ అనే ప్రాంతం ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. తెల్ల దొరలు చెరుకు తోటలు వేశారు. ఆ గడ్డ మీది జులూ ప్రజలకు తమ భూములు, తమ పశువులు ఉన్నాయి. దొరల తోటల్లో చాకిరీకి వాళ్ళు ఇష్టపడలేదు. అప్పటికే బానిసల కొనుగోలు చట్టం చేత ఆగిపోయింది. మరి పనికి మనుషులు ఎట్లా? దొరల చూపు మన దేశం మీద పడింది.

మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరింది. నెలకు పైగా సముద్రం మీద నడిచి 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అందులో తెలుగువాళ్ళు, తమిళులు ఉన్నారు. అట్లా మొదలై 1911 దాకా ఓడలు పోయాయి. మొత్తం 1,52,184 మందిని తీసుకుపోయారు. తెలుగువాళ్ళలో ఎక్కువమంది విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్ళు. హుజూర్‌నగర్ అప్పుడు నైజాం రాజ్యంలో ఉంది. ఓడలు ఎక్కించింది ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాజ్యం నుంచి. అందుకే ఆ పేర్లు ఎక్కువ కోస్తావి.

వాళ్ళు ఎందుకు పోయారు? కరువు, అప్పులు, పని లేకపోవడం. మన పాలమూరు కూలీలు మూట కట్టుకొని వలసపోయింది ఎందుకో, వాళ్ళు పోయింది కూడా అందుకే.

నిశాని పెట్టిన కాగితం

ఓడ ఎక్కే ముందు వాళ్ళతో ఒక కాగితం మీద ఒప్పందం చేయించారు. అయిదేళ్ళు పని చేయాలె. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. తిండి, గుడిసె ఇస్తారు. ఆ కాగితాన్ని ఇంగ్లీషులో 'అగ్రిమెంటు' అంటారు. అది జనం నోట 'గిర్మిట్' అయింది. పోయినవాళ్ళలో చాలామందికి చదువు రాదు. కాగితంలో ఏముందో దళారి చెప్పిందే వినాలె. విని నిశాని పెట్టాలె.

అక్కడ దిగినంక అసలు సంగతి తెలిసింది. యజమాని రాసిచ్చిన చీటీ లేనిదే తోట దాటి దూరం పోకూడదు. పని మానితే జైలు. దెబ్బలు కొట్టే దొరలూ ఉన్నారు. మొదట పోయినవాళ్ళలో కొందరు 1871లో మద్రాసు తిరిగి వచ్చారు. ఇస్తామన్న పైసలు ఇయ్యలేదని, బాధలు పెట్టారని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. దాని మీద 1872లో నేటాల్‌లో విచారణ సంఘం వేశారు. కొన్ని నిబంధనలు మార్చారు. ఆగిన ఓడలు మళ్ళీ కదిలాయి.

గడువు తీరినవాళ్ళు కొందరు అక్కడే ఉండిపోయారు. కూరగాయలు పండించారు. చిన్న వ్యాపారాలు పెట్టారు. అది దొరలకు గిట్టలేదు. 1895లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం గడువు తీరినంక కూడా ఆ గడ్డ మీద ఉండాలంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలె. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు. లెక్క వేయండి. నెలకు 10 షిల్లింగులు సంపాదించే మనిషికి అది ఆరు నెలల జీతం. కట్టలేనివాళ్ళు ఏం చేయాలె? మళ్ళీ కాగితం మీద నిశాని పెట్టాలె. లేదంటే ఓడ ఎక్కి తిరిగిపోవాలె.

గాంధీగారు 1893లో ఒక వ్యాపారి కేసు పని మీద అక్కడికి పోయారు. ఆ ఏడు జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో ఆయనను రైలు పెట్టెలోంచి దించేశారు. ఆయన దగ్గర మొదటి తరగతి టికెట్టు ఉంది. అయినా ఒంటి రంగు చూసి దించారు. ఆ దేశంలో ఆయన పోరాటం దాదాపు 21 సంవత్సరాలు సాగింది.

1906లో ట్రాన్స్‌వాల్ ప్రాంతంలో ఇంకో కాగితం వచ్చింది. భారతీయులందరూ పేరు రాయించుకొని, వేలిముద్రలు ఇచ్చి, ఆ పత్రం ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలన్నారు. నేరం చేసినవాళ్ళ దగ్గర తీసుకున్నట్టు వేలిముద్రలు తీసుకోవడం ఏమిటని జనం ఎదురు తిరిగారు. 1908 ఆగస్టు 16న జోహాన్నెస్‌బర్గ్‌లో మసీదు ముందర పెద్ద కడాయిలో రెండు వేలకు పైగా పత్రాలు వేసి కాల్చేశారు. 1913లో గని కూలీలు, చెరుకు తోటల కూలీలు పని బందు పెట్టారు. వేలమంది నడిచారు. జైళ్ళు నిండాయి. ఆడవాళ్ళు కూడా జైలుకు పోయారు. చివరికి 1914లో మూడు పౌన్ల పన్ను రద్దయింది.

ఆ గిర్మిట్ కూలీల ముని మనుమలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. డర్బన్ చుట్టుపక్కల ఎక్కువమంది. 1931లో వాళ్ళు దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు పోకుండా చూసుకోవాలన్నది దాని ఆశయం. నాయుడు అనే పేరు అక్కడ 'నాయిడూ' అయింది. చాలామందికి ఇప్పుడు ఇంటి భాష ఇంగ్లీషే. పండుగలు, పూజలు మాత్రం నిలిచాయి. అట్లాంటివాళ్ళు కలిస్తే, తెలుగు రాదని చిన్నచూపు చూడకూడదు. అయిదారు తరాల కింద సముద్రం దాటినవాళ్ళు ఈ మాత్రం నిలుపుకున్నందుకు దండం పెట్టాలె.

రంగు చూసి రాసిన చట్టం

1948లో ఆ దేశంలో తెల్లవాళ్ళ జాతీయ పార్టీ గద్దెనెక్కింది. మనుషులను రంగు ప్రకారం విడదీసే పద్ధతిని చట్టం చేసింది. దాన్ని 'అపార్థీడ్' అంటారు. తెల్లవాళ్ళకు ఒక బస్సు, నల్లవాళ్ళకు ఒక బస్సు. బడి వేరు, దవాఖాన వేరు, పార్కులో బల్ల వేరు. ఎవరు ఏ వాడలో ఉండాలో కూడా ప్రభుత్వమే చెప్పింది. భారతీయులను కూడా ఉన్న ఇళ్ళలోంచి లేపి దూరం పంపింది. మన ఊళ్ళలో వేరే గ్లాసు, వేరే బావి చూసినవాళ్ళకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కరలేదు.

నల్లవాళ్ళు ఎక్కడికి పోయినా 'పాస్' అనే పుస్తకం జేబులో ఉండాలె. లేకపోతే పోలీసులు పట్టుకుపోతారు. ఆడవాళ్ళకు కూడా పాస్ పెడతామంటే, 1956 ఆగస్టు 9న సుమారు 20 వేల మంది స్త్రీలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనం దాకా నడిచారు. తమ సంతకాలున్న అర్జీలు కట్టలు కట్టి తెచ్చారు. ముందు నడిచిన నలుగురిలో రహీమా మూసా అనే భారత సంతతి స్త్రీ ఉన్నారు. అందుకే ఆగస్టు 9 ఇప్పుడు ఆ దేశంలో మహిళా దినం, సెలవు రోజు.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాస్ చట్టాన్ని ఎదిరించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 69 మంది చనిపోయారు. 1976 జూన్ 16న సోవెటోలో బడి పిల్లలు వీధిలోకి వచ్చారు. తమది కాని ఆఫ్రికాన్స్ భాషలో చదవాలని బలవంతం చేయడమే కారణం. వాళ్ళ మీద కూడా తుపాకులు పేల్చారు. చదువు కోసం, తమ భాష కోసం పిల్లలు ప్రాణాలిచ్చిన రోజు అది. అది కూడా అక్కడ సెలవు రోజే.

నెల్సన్ మండేలా 27 సంవత్సరాలు జైలులో ఉన్నారు. 1990 ఫిబ్రవరి 11న విడుదలయ్యారు. 1994 ఏప్రిల్ 27న మొదటిసారి అన్ని రంగులవాళ్ళు ఓటు వేశారు. మైళ్ళ పొడుగు వరుసలలో నిలబడి వేశారు. మే 10న మండేలా అధ్యక్షుడయ్యారు. రంగు భేదం చూపినందుకు దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానుకున్న మొదటి దేశం మనదే. 1946లోనే మానుకుంది. ఆ మాట అక్కడి పెద్దవాళ్ళకు ఇంకా యాది ఉంది.

పోయే ముందు చూసుకోవలసిన కాగితాలు

ఇప్పుడు మన పని సంగతికి వద్దాం. ఆ దేశంలో అడుగు పెట్టాలంటే మొదట పాస్‌పోర్టు, తరువాత వీసా కావాలె.

పాస్‌పోర్టు మీ పేరున మన దేశం ఇచ్చే పుస్తకం. అందులో పేరు, పుట్టిన తేదీ, ఊరు తప్పు లేకుండా ఉన్నాయో లేవో అందిన రోజే చదువుకోవాలె. ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్టులో ఇంకో తీరు పేరుంటే తిప్పలు. గడువు తేదీ చూసుకోవాలె. ముద్ర వేయడానికి ఖాళీ పేజీలు కనీసం రెండు ఉండాలె.

వీసా అంటే ఆ దేశం ఇచ్చే అనుమతి. పాస్‌పోర్టు ఉంటే చాలదు, ఇది కూడా ముందుగా తీసుకోవాలె. వీసాలో మూడు సంగతులు తప్పక చదవాలె. ఒకటి, ఎందుకు రానిస్తున్నారు? చూసిపోవడానికా, పని చేయడానికా? రెండు, ఎన్ని రోజులు? మూడు, ఏ తేదీతో ముగుస్తుంది? చూసిపోయే వీసా మీద పోయినవాళ్ళు జీతానికి పని చేయకూడదు. 'ముందు టూరిస్టుగా పో, అక్కడ పని వీసా చేయిస్తా' అని ఎవరన్నా చెప్తే నమ్మవద్దు. గడువు దాటి ఉంటే శిక్ష ఉంది. నెల లోపు ఎక్కువ ఉన్నా ఏడాది దాకా మళ్ళీ రానియ్యరు. నెల దాటితే అయిదేళ్ళు రానియ్యరు. వీసా నిబంధనలు మారుతుంటాయి. కాబట్టి ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవాలె. చదువుకున్న పిల్లలతో చూపించుకున్నా సరే.

మూడో కాగితం టీకా పత్రం. హైదరాబాద్ నుంచి పోయేవాళ్ళు నడుమ ఏదో ఒక దేశంలో విమానం మారతారు. దుబాయి, దోహా మీదుగా పోతే ఒక తీరు. ఇథియోపియా, కెన్యా మీదుగా పోతే ఇంకో తీరు. ఆ రెండు దేశాలలో పచ్చజ్వరం ఉంది. ఇంగ్లీషులో దాన్ని ఎల్లో ఫీవర్ అంటారు. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకన్నా ఎక్కువ ఆగితే దక్షిణాఫ్రికావాళ్ళు టీకా పత్రం అడుగుతారు. తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలో కూడా అడగవచ్చు. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. ఈ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలె. అన్ని దవాఖానాలలో వేయరు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. ఒకసారి వేస్తే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది.

రైతు బిడ్డలకు ఒక మాట. విత్తనాలు, మొక్కలు, మాంసం, తేనె అనుమతి పత్రం లేకుండా తీసుకుపోరాదు. అక్కడ చల్లి చూద్దామని వడ్లు మూట కట్టవద్దు. ఎవరిదో మూట 'మావాడికి ఇయ్యి' అంటే తెలియని మూట పట్టుకోవద్దు. అందులో ఏముందో, దొరికితే జైలుకు పోయేది మోసినవాడే.

కొలువు కాగితం

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది.

కొలువుకు పంపుతానని వచ్చేవాడు ఏజెంటు. మన దేశంలో 1983 వలసల చట్టం ఉంది. ఏజెంటు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకొని ఉండాలె. అతని లైసెన్సు నంబరు అడగండి. 'ఈ-మైగ్రేట్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఉందో లేదో చూడండి. అతను తన సేవకు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవచ్చు. పైసలిచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ కూడా ఉంది. అక్కడ కూడా అడగవచ్చు.

పదో తరగతి పాసు కానివాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలె. ఆ దేశాల జాబితాలో దక్షిణాఫ్రికా లేదు. అంటే కొలువు కాగితాన్ని మన కన్నా ముందు చూసే అధికారి ఉండడు. మనమే చూసుకోవాలె.

ఏం చూడాలె? పని పేరు ఏమిటి? యజమాని ఎవరు, ఏ ఊరు? జీతం ఎన్ని రాండ్లు? ఇల్లు ఎవరిది, తిండి ఎవరిది? రాను పోను టికెట్టు ఎవరిది? వారానికి ఎన్ని గంటలు? సెలవులు ఎన్ని? జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? నోటి మాట కాగితంలో లేకపోతే అది లేనట్టే.

రాండ్ వాళ్ళ రూపాయి. ఇటీవలి సంవత్సరాలలో ఒక రాండ్ విలువ మనకు నాలుగు రూపాయల పైనే. జీతాన్ని రూపాయలలోకి మార్చి చూసి సంబరపడితే మోసపోతాం. అక్కడ అద్దె, కూరగాయలు, బస్సు అన్నీ రాండ్లలోనే. ఖర్చు పోను ఎంత మిగులుతుంది? ఆ మిగిలినదాన్ని రూపాయలు చేసి, తెచ్చిన అప్పు మిత్తితో పోల్చి చూడాలె. అదీ అసలు లెక్క.

అక్కడి చట్టం కూలివాడి పక్షాన కొన్ని మాటలు చెప్తుంది. మామూలు పని వారానికి 45 గంటలకు మించకూడదు. ఆ పైన చేస్తే ఒకటిన్నర కూలి ఇయ్యాలె. 2019 జనవరి 1 నుంచి కనీస కూలి చట్టం అమలులో ఉంది. గంటకు 20 రాండ్లతో మొదలైంది, తరువాత పెంచుతూ వస్తున్నారు. పని పత్రం రాసి ఇవ్వడం యజమాని బాధ్యత. తగాదా వస్తే సీసీఎంఏ అనే సంస్థ వింటుంది. దానికి ఫీజు లేదు. పనిలోంచి తీసేస్తే 30 రోజుల లోపల అక్కడ అర్జీ పెట్టుకోవాలె. పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ వదలవద్దు. యజమాని అడిగితే జిరాక్సు ఇవ్వండి.

దిగినంక

నోట్లను బొమ్మలను బట్టి కూడా పోల్చుకోవచ్చు. 2012 నుంచి వాడుకలో ఉన్న నోట్ల మీద ఒక వైపు మండేలా బొమ్మ ఉంటుంది. రెండో వైపు పదికి ఖడ్గమృగం, ఇరవైకి ఏనుగు, యాభైకి సింహం, నూరుకు అడవిదున్న, రెండు వందలకు చిరుత.

బండ్లు మన తీరే ఎడమ పక్కన నడుస్తాయి. కరెంటు కూడా మన లాంటిదే. గోడకు ఉండే సాకెట్టు మాత్రం మన మోటార్లకు, గీజర్లకు వాడే పెద్ద మూడు గుండ్రని పిన్నుల తీరుది. సెల్ ఛార్జరుకు అడాప్టరు కొనుక్కోవాలె. కరెంటు కోత అక్కడి జనం కూడా చూశారు. 2022, 2023లో చాలా రోజులు గంటల తరబడి పోయింది. పంపుసెట్టు దగ్గర రాత్రిళ్ళు కాపలా కాసినవాళ్ళకు అది వింత కాదు.

ఊరిలో తిరగడానికి తెల్లని చిన్న వ్యాన్లు ఉంటాయి. మన షేర్ ఆటోల తీరు మనుషులను ఎక్కించుకుంటాయి. వాటిని 'టాక్సీ' అనే అంటారు. దారి తెలిసినదాకా తెలిసినవాళ్ళతోనే ఎక్కండి.

దొంగతనాలు, దోపిడీలు ఎక్కువ. ఇది దాచవలసిన మాట కాదు. రాత్రిపూట ఒంటరిగా నడవవద్దు. మెడలో బంగారం వేసుకొని బజారుకు పోవద్దు. రోడ్డు మీద సెల్ చేతిలో ఊపుతూ మాట్లాడవద్దు. ఎవడన్నా కత్తి చూపితే ఎదిరించవద్దు. పైసలు పోతే సంపాదించుకోవచ్చు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఎక్కువగా ఉన్న దేశం అది. జాగ్రత్త మరువవద్దు. ఉత్తరాన లింపోపో, మ్పుమలాంగా వైపు అడవి ప్రాంతాలలో మలేరియా ఉంది. అటు పోయేవాళ్ళు ముందుగా డాక్టరును అడగాలె. ప్రైవేటు దవాఖాన ఖర్చు తట్టుకోలేం. కాబట్టి బీమా చేసుకొని పోవాలె.

మాట, తిండి, మర్యాద

ఆ దేశంలో అధికార భాషలు 12. చివరిది చెవిటివాళ్ళ సైగల భాష. దాన్ని 2023లో చేర్చారు. నలుగురిలో ఒకరి ఇంటి భాష జులూ. 'సావుబోనా' అంటే జులూలో నమస్కారం. 'న్గియాబోంగా' అంటే ధన్యవాదం. దుకాణంలో, బస్సులో, ముందు పలకరించి తరువాత పని అడగాలె. పలకరించకుండా ధర అడిగితే మర్యాద తెలియనివాడు అనుకుంటారు.

మక్కపిండితో గట్టిగా వండే తిండిని 'పాప్' అంటారు. చూస్తే మన మక్క గటకే. డర్బన్‌లో రొట్టెను తొలిచి, అందులో కూర నింపి ఇస్తారు. దాని పేరు 'బన్నీ చౌ'. అది అక్కడి మన భారతీయులు పుట్టించిన తిండి.

రెండు మాటలు మాత్రం నోట రానియ్యవద్దు. నల్లవాళ్ళను 'కాఫిర్' అనడం అక్కడ పెద్ద తిట్టు. కోర్టు దాకా పోతుంది. ఇంకో మాట 'కూలీ'. మనకు కూలి అంటే కష్టం, చెమట, గౌరవం. అక్కడ దొరలు భారతీయులను కించపరచడానికి ఆ మాట వాడారు. గాంధీగారిని కూడా 'కూలీ బారిస్టర్' అన్నారు. రంగును బట్టి మనిషిని కొలిచినందుకు ఆ దేశం ఎంతో నెత్తురు కార్చింది. అక్కడికి పోయిన మనం ఆ కొలత మళ్ళీ బయటికి తీయకూడదు.

ఆపద వస్తే

పోలీసులకు 10111. అంబులెన్సుకు 10177. సెల్ నుంచి 112. మన భారత హైకమిషన్ ప్రిటోరియాలో ఉంది. జోహాన్నెస్‌బర్గ్, డర్బన్, కేప్‌టౌన్‌లలో మన కాన్సులేట్లు ఉన్నాయి. పాస్‌పోర్టు పోయినా, యజమాని సతాయించినా అక్కడికి పోవాలె. ఈ నంబర్లు సెల్‌లోనే కాదు, ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఒక నకలు ఇంట్లో గోడకు అంటించండి.

నూటా అరవై ఏండ్ల కింద మద్రాసు రేవులో నిలబడ్డవాళ్ళకు ఇవేవీ తెలియవు. వాళ్ళు తెలివి తక్కువవాళ్ళు కారు. కాగితంలో ఉన్నది చదవడం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. చదవలేని కాగితం అయిదేళ్ళు వాళ్ళను కట్టేసింది. ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. తొందర పెట్టే ఏజెంటును 'కూర్చో, చదివి చెప్తాం' అనవచ్చు. అర్థం కాని ముక్క దగ్గర వేలు పెట్టి 'ఇది ఏమిటి?' అని అడగవచ్చు. జవాబు సరిగ్గా చెప్పకపోతే కాగితం తిరిగి ఇచ్చేయవచ్చు.

చదివినంక పెట్టేదే సంతకం. చదవకుండా పెడితే అది కూడా నిశానే.

మాట్లాడుకోండి

1. మూడు పౌన్ల పన్ను ఎన్ని నెలల జీతానికి సమానం? ఎట్లా?
2. చూసిపోయే వీసాకు, పని వీసాకు తేడా ఏమిటి?
3. కొలువు కాగితంలో ఏయే సంగతులు ఉండాలె? మీ నోటుబుక్కులో రాయండి.
4. మీ ఊరి నుంచి దూరదేశం పోయినవాళ్ళు ఉంటే, వాళ్ళు పోయే ముందు ఏయే కాగితాల మీద సంతకం పెట్టారో అడిగి తెలుసుకోండి.